అంకె మాత్రమే పంపండి

మార్చి 30, ఆదివారం

ఆరాధన 9.30కి మొదలై 10.05కి ఆగిపోయింది. మళ్లీ పాస్టరు గారి బదిలీ గొడవే. ఆయన ఉండాలనే వాళ్లు ఎడమ వైపు, వెళ్లిపోవాలనే వాళ్లు కుడి వైపు కూర్చుంటున్నారు ఈ మధ్య. నేను నలభై ఏళ్లుగా కూర్చునే మూడో వరస ఎడమ వైపు పడింది. అంతమాత్రాన నేను ఆ పక్షం కాదు.

కుడి వైపు నుంచి లాజరు లేచి మందిరం తాళం తీసుకుని జేబులో వేసుకున్నాడు. సంఘపెద్ద కనుక తాళం అతని దగ్గర ఉండటం న్యాయమే. ఎడమ వైపు నుంచి సుకుమార్ వెళ్లి అతని చొక్కా పట్టుకున్నాడు. తప్పు సుకుమార్‌దే. కూతురి కొడుకైనా, రెండో ఏట నుంచి నేనే పెంచినా, తప్పు తప్పే. గుమ్మం దగ్గర పెనుగులాట జరిగింది. లాజరు వంగి చెప్పు తీసి సుకుమార్ చెంప మీద రెండుసార్లు కొట్టాడు. ఎడమ కాలి చెప్పు. నూరు మంది పైగా చూశారు. ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు.

సుకుమార్ ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు. అరటి లోడు ఉందని వ్యాను తీసుకుని రావులపాలెం వెళ్లిపోయాడు. ఆదివారం లోడు లేదని నాకు తెలుసు.

నా కూతురు బేబీ కువైట్ నుంచి ఫోన్ చేసి కొడుకేడని అడిగింది. నిద్రపోతున్నాడని చెప్పాను.


మార్చి 31, సోమవారం

మట్టల ఆదివారం ఇంకా పదమూడు రోజులు. ఏటా సేవకులను మందిరంలో పేరు పేరునా పిలిచి ఎంచుకునేవాళ్లం. ఇప్పుడు ఎవరు పిలిచినా రెండో పక్షం అరుస్తుంది. వాట్సాప్ గ్రూపు పెడితే మూడు రోజుల్లో వాయిస్ మెసేజ్‌ల నిండా బూతులే. నేనే మూసేశాను.

ఒక పద్ధతి ఆలోచించాను. ప్రతి ఇంటికీ ఒకే ఎస్సెమ్మెస్ పంపాలి. పనులకు అంకెలు ఇవ్వాలి. ఎవరికి కావలసిన అంకె వాళ్లు తిరిగి పంపాలి. మెసేజ్‌కి గొంతు ఉండదు. అంకెకి అసలే ఉండదు.

పాస్టరు గారు సరే అన్నారు. లాజరు ఇంటికీ వెళ్లాను. అతను అరుగు మీద కూర్చుని చెట్టెక్కే తాడు పేనుతున్నాడు. అతని భార్య రత్తమ్మ కుర్చీ వేసింది.

"మీరు సెప్తే కాదంటానా టీచరమ్మగారూ," అన్నాడు లాజరు. కుడి అరచెయ్యి చాచి చూపించాడు. "మీ బెత్తం గుర్తు ఇంకా పోలేదు సూడండి. ఈ చేత్తోనే మీ పెరట్లో కొబ్బరికాయలు దింపుతున్నాను."

1987లో ఏడో తరగతి. ప్రోగ్రెస్ కార్డులో 14ని 44 చేసుకొచ్చాడు. అరచెయ్యి చిట్లేదాకా కొట్టాను. ఆ తర్వాత ఎప్పుడూ దిద్దలేదు. అందుకు నేను విచారించలేదు.

"మా మనవడి సంగతి ఏమంటావు?" అని అడిగాను.

"కుర్రతనమండీ. నాకూ కోపం వచ్చేసింది. పండగెళ్లాక పిలిచి మాట్టాడతాను."

నేను లేచేటప్పుడు రత్తమ్మ గుమ్మం దాకా వచ్చి, "చెప్పుతో కొట్టడం తప్పేనండి. రాత్రంతా పోట్లాడాను ఆయనతో," అంది.


ఏప్రిల్ 2, బుధవారం

మెసేజ్:

"ప్రియ సంఘస్థులకు వందనాలు. మట్టల ఆదివారం సేవకు మీ అంకె పంపండి. 1 మట్టలు కొట్టడం (12వ తేదీ శనివారం ఉదయం 7). 2 మందిరం కడగడం. 3 వంట. 4 ఊరేగింపు వరసలు. 5 గంట, మైకు. అంకె మాత్రమే పంపండి. ఎస్తేరు టీచరు, కార్యదర్శి."

మొత్తం 146 నంబర్లు. ఫోను రోజుకు వంద మెసేజ్‌లకు మించి పంపనివ్వదు. ఈ రోజు ఎడమ వైపు 73, రేపు కుడి వైపు 73. కాదు, అలా చేస్తే ముందు వాళ్లకు పంపావంటారు. చీట్లు తీసి సగం ఈ రోజు, సగం రేపు.

మొదటి జవాబు సాయంత్రం 6.40కి. పక్క గదిలోంచే. సుకుమార్, 1.

వాడు మందిరం పనికి పేరు ఇవ్వడం ఇదే మొదటిసారి. రిజిస్టరులో మొదటి వరసలో రాశాను.


ఏప్రిల్ 5, శనివారం

రాత్రి పాస్టరు గారి కిటికీ అద్దం మీద రాయి పడింది. ఈ ఉదయం లాజరు సైకిలు చెరువు గట్టున దొరికింది, రెండు చక్రాలూ గొడ్డలితో నరికి. ఎవరు ముందో, ఎవరు తర్వాతో చెప్పేవాళ్లు లేరు.

ఇప్పటికి 91 జవాబులు. నోటితో అడిగినప్పుడు ముప్పై దాటేవి కావు. పద్ధతి పని చేస్తోంది.


ఏప్రిల్ 6, ఆదివారం

ఆరాధన లేదు. గేటుకు రెండు తాళాలు ఉన్నాయి. ఒకటి లాజరుది, ఒకటి ఎవరిదో తెలియదు.

మొత్తం జవాబులు 118. కడగడం 31. వంట 40. ఊరేగింపు 19. గంట, మైకు 6. మట్టలు 22.

మట్టలకు ఏటా ఐదుగురు చాలు. జగన్నాథరావు గారు వాళ్ల లంకతోటలో కొబ్బరి మట్టలు ఎప్పుడూ అడక్కుండానే కొట్టుకోనిస్తారు. లాజరు చెట్టెక్కి లేత మట్టలు కిందికి వేస్తాడు. మిగతావాళ్లు మొదళ్లు నరికి కట్టలు కడతారు. ఈ ఏడు ఇరవై ఇద్దరు. మనుషుల్లో ఉత్సాహం వచ్చిందని సంతోషించాను.

సుకుమార్ నా భుజం మీంచి రిజిస్టరు చూశాడు.

"మట్టల పనికి పెద్ద ఎవరు అమ్మమ్మా?"

"ఏటా లాజరే కదా."

"ఈ ఏడూ ఆయనేనా?"

"ఎందుకు మారుస్తాను?"

"మార్చకు," అన్నాడు. "ఆయన కంటే పనోడు ఎవరున్నారు."

వాడు లాజరును మెచ్చుకోవడం బాగుంది.


ఏప్రిల్ 7, సోమవారం

రాత్రి 7.18కి రత్తమ్మ నంబరు నుంచి మెసేజ్. అంకె కాదు. "అమ్మగారు మట్టలకి ఇంత మంది ఎందుకండి అందరూ ఒక వైపు వాళ్లే మా ఆయన్ని అక్కడ పెట్టకండి."

నియమం అందరికీ ఒక్కటే. రిజిస్టరులో ఆమె పేరుకు ఎదురుగా 'చెల్లదు' అని రాశాను. అంకె పంపని తొమ్మిది మందికి పంపిన జవాబే ఆమెకూ పంపాను: "దయచేసి 1 నుంచి 5 లోపు అంకె మాత్రమే పంపండి."

7.51కి జవాబు వచ్చింది. 4.


ఏప్రిల్ 9, బుధవారం

పెరట్లో సాన రాయి చప్పుడు. సుకుమార్ కత్తికి సాన పడుతున్నాడు. నీళ్లు చల్లి, తిప్పి, మళ్లీ నీళ్లు చల్లి. గంటన్నర పట్టింది. తర్వాత అరటి గెల కాడ మీద పెట్టి చూశాడు. ఒక్క వేటుకే తెగింది.

ఏ పనైనా శ్రద్ధగా చేయాలని నేనే నేర్పాను.


ఏప్రిల్ 11, శుక్రవారం

మట్టల వాళ్లు 22 మందికి గుర్తు చేశాను: "రేపు ఉదయం 7కు లంకతోట. మీ కత్తి మీరే తెచ్చుకోవాలి. సాన పట్టి తేవాలి. హాజరు వేస్తాను." ఏటా నోటితో చెప్పే మాటే.

ఇరవై రెండు జవాబులూ పది నిమిషాల్లో వచ్చాయి. ఇంత క్రమశిక్షణ నా తరగతి గదిలో కూడా చూడలేదు.


ఏప్రిల్ 12, శనివారం

హాజరు 22/22.

లాజరు చెట్టు మీంచి పడ్డాడు. రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్లారు.


ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

ఊరేగింపు లేదు. కొట్టిన మట్టలు తోటలోనే ఉండిపోయాయి.


ఏప్రిల్ 14, సోమవారం

గడప తగిలి పడ్డాను. ఎడమ మణికట్టు వాచింది. ఫోను పగిలిపోయింది. సిమ్ము బాగానే ఉంది. పాత బటన్ల ఫోనులో వేశాను.

లాజరుకు స్పృహ లేదట. నలభై అడుగుల చెట్టు.


ఏప్రిల్ 15, మంగళవారం

బేబీ ఫోన్ చేసింది. ఆమెకు అక్కడికి అన్నీ తెలిశాయి.

"అమ్మా, వాడు నాకు ఫోన్ చేసి ఏడ్చాడు. ఇరవై రెండు మంది ఒకే మాట మీద ఉన్నారట. చెట్టు మీంచి పడ్డాడనే. నువ్వూ అదే అను."

"నేను అదే అంటున్నాను."

"పదకొండేళ్ల నుంచి ఎవరింట్లోనో బాత్రూములు కడుగుతున్నాను. ఎవరి కోసం? వాడికోసమే కదా. వాణ్ణి జైల్లో పెట్టిస్తే నేను ఇక్కణ్ణించే దూకేస్తాను. చెప్తున్నాను."

"అలాంటి మాటలు మాట్లాడకు."

"నీ చేతికేమైంది? కట్టు కట్టుకున్నావని చెప్పాడు."

"గడప తగిలి పడ్డాను."

"చూసుకుని నడవాలి కదమ్మా," అంది.


ఏప్రిల్ 16, బుధవారం

ఎస్సై రమేష్ బాబు గారు వచ్చారు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చారు. పద్ధతి గల మనిషి.

"మీరు తోటలో ఉన్నారట కదండీ?"

"హాజరు వేయడానికి వెళ్లాను."

"పడటం చూశారా?"

"నేను రిజిస్టరు చూసుకుంటున్నాను."

"డాక్టరు గారు చెప్పారండి, చేతుల మీద ఏడు కోతలున్నాయట. తల వెనక ఒకటి. చెట్టు మీంచి పడితే ఎముకలు విరుగుతాయి గానీ కోతలు పడవు కదండీ."

"చేతిలో కత్తి ఉంది. పడేటప్పుడు కోసుకుని ఉంటాడు."

"రెండు చేతులూనా?"

ఆయన మంచినీళ్లు అడిగి తాగారు. రిజిస్టరు ఉందా అని అడిగారు. వెతికి ఇస్తానన్నాను. రిజిస్టరు నా బల్ల సొరుగులోనే ఉంది. నా ఇంట్లో ఏ వస్తువునూ నేను ఎప్పుడూ వెతకలేదు.

ఏటా లాజరుతో మట్టలకు వచ్చే వాళ్లలో ఆ రోజు వచ్చింది చిట్టియ్య ఒక్కడే, అదీ అంకె పంపకుండానే. అతను కాలవ గట్టుకు పోయానని, ఏమీ చూడలేదని చెప్పాడట. అతని ఇంటి ముందు రాత్రంతా రెండు మోటారు సైకిళ్లు ఆగి ఉన్నాయి.

ఎస్సై గారు వెళ్లాక సొరుగు తీశాను. సుకుమార్ పేరు మొదటి వరసలో ఉంది. 1ని 4 చేయడం చాలా సులువు. ఒక చిన్న ఏటవాలు గీత, ఒక అడ్డ గీత. అదే సిరాతో చేశాను.


ఏప్రిల్ 20, ఈస్టరు

ఆరాధనకు వెళ్లలేదు. మణికట్టు నొప్పి.

గడప తగిలి పడ్డాను.


ఏప్రిల్ 22, మంగళవారం

లాజరు పోయాడు. ఉదయం 4.20కి.


ఏప్రిల్ 23, బుధవారం

సమాధికి వెళ్లాను. వెళ్లవద్దని సుకుమార్ కబురు పంపాడు. పన్నెండో తేదీ నుంచి వాడు ఇంట్లో సరిగా ఉండటం లేదు. ఎక్కడో పడుకుంటాడు, ఏ మధ్యాహ్నమో వచ్చి తిని పోతాడు.

పెట్టె దింపేటప్పుడు రెండు పక్షాలూ కలబడ్డాయి. పారలతోనే. పాస్టరు గారు ప్రార్థన మధ్యలో కింద పడిపోయారు. ఒకడి ముక్కు లోంచి రక్తం పెట్టె మూత మీద కారింది. నలుగురు కానిస్టేబుళ్లు లాఠీలతో అందరినీ ఒకే రకంగా కొట్టారు. ఒక మట్టి బెడ్డ నా భుజానికి తగిలింది. ఎవరు విసిరారో చూశాను. రాయను.

రత్తమ్మ ఈ గొడవ ఏదీ చూడలేదు. గోతి అంచున కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి వచ్చింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. కొంగు ముడి విప్పి ఫోను తీసింది.

"నేను ఐదు దాకానే చదివానండి. అదీ మీ రాత్రి బడిలోనే. ఇది కాస్త చదివి పెట్టండి టీచరమ్మగారూ."

"రత్తమ్మా, ఇప్పుడు..."

"చదవండి. మీరు రాసిందే. మీరు చదివితే బాగుంటాది."

చుట్టూ మనుషులు ఆగిపోయారు. ముక్కులోంచి రక్తం కారుతున్న వాడు కూడా చొక్కా అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. నేను కళ్లజోడు పెట్టుకుని చదివాను.

"దయచేసి 1 నుంచి 5 లోపు అంకె మాత్రమే పంపండి."

"దాని పైన నేను పంపింది ఉంది. అదీ చదవండి."

అదీ చదివాను. చివరి మాట మెల్లగా చదివితే, "మళ్లీ చదవండి, ఎనకాలోళ్లకి వినపళ్లేదు," అంది. మళ్లీ చదివాను.

రత్తమ్మ ఫోను తీసుకుని కొంగున కట్టుకుంది. "ఆయన మీద బెత్తం ఎందుకు ఇరగ్గొట్టారండి ఆ రోజు? అంకె మార్చాడనే కదా," అంది. అరవలేదు. వెళ్లి మళ్లీ గోతి దగ్గర కూర్చుంది.

రిజిస్టరులో నేను చేసిన పని ఆమెకు తెలిసే అవకాశం లేదు.


ఏప్రిల్ 24, గురువారం

ఈ డైరీ 1976 నుంచి రాస్తున్నాను. ఎవరికీ చూపించను. ఎవరికీ చూపించని పుస్తకంలో కూడా అబద్ధం రాశాను. పన్నెండో తేదీ మళ్లీ రాస్తాను.

6.50కి తోటకు చేరాను. ఇరవై ఇద్దరూ అప్పటికే చెట్ల కింద ఉన్నారు. చేతుల్లో కత్తులు. లాజరు, చిట్టియ్య పడవ రేవు వైపు నుంచి వచ్చారు. లాజరు రెండు చెట్లెక్కి మట్టలు వేసి దిగాడు. మూడో చెట్టు ఎక్కలేదు. అతను ఏ చెట్టు మీంచీ పడలేదు.

నేను హాజరు పిలిచాను. ఒక్కొక్కరూ "ఆయ్ అండి" అన్నారు. ఒక్కొక్కరికీ టిక్కు పెట్టాను. చివరి పేరు పిలిచేసరికి వాళ్లు గుండ్రంగా నిలబడి ఉన్నారు, లాజరు మధ్యలో. చిట్టియ్య గుండ్రం బయట ఉండిపోయాడు.

లాజరు సుకుమార్‌ని చూసి నవ్వాడు. "ఏరా అల్లుడూ, చెంప తగ్గిందా? రా, నువ్వో నాలుగు మట్టలు కొట్టు. కోపం దిగిపోద్ది."

రాజీ కోసమే అన్నాడు. పక్కన ఎవరో నవ్వారు. మార్చి 30న మందిరంలో వినిపించినట్టే.

సుకుమార్ కత్తి వెనక వైపుతో మెడ మీద కొట్టాడు. లాజరు మోకాళ్ల మీద పడ్డాడు. ఆ తర్వాత మట్టల మొదళ్లతో. పచ్చి మట్ట మొదలు రోకలంత బరువు. మనిషి మీద పడితే తడిబట్ట బండకేసి బాదినట్టు చప్పుడు. అతను రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకున్నాడు. అప్పుడు కత్తులు అంచు వైపు తిరిగాయి. ఏడు కోతల్లో మూడు సుకుమార్‌వి. మిగతా నాలుగు ఎవరివో కూడా నాకు తెలుసు. తల వెనక దెబ్బా సుకుమార్‌దే.

లాజరు ఒకసారి నా వైపు తిరిగాడు. కుడి అరచెయ్యి పైకెత్తి ఉంది. బొటనవేలు లేదు.

"టీచరమ్మగారూ! చెప్పండి వీళ్లకి!"

నా చేతిలో పెన్ను ఉంది. నేను అడుగు ముందుకు వేయలేదు. అరవలేదు. నా నోటికి వచ్చింది ముప్పై మూడేళ్ల అలవాటు. "సైలెన్స్," అన్నాను. ఎవరితో అన్నానో నాకే తెలియదు. లాజరు ఒక్కడే నా మాట విన్నాడు.

చిట్టియ్య కాలవలో దూకి ఈదుకుంటూ పోయాడు. మొత్తం నాలుగు నిమిషాలు. 7.16 నుంచి 7.20. తర్వాత ఒకడు లాజరును మూడో చెట్టు మొదట్లోకి ఈడ్చి, చెట్టెక్కే తాడు అతని పాదాలకు తగిలించాడు. సుకుమార్ నా దగ్గరకు వచ్చాడు. మొహం మీద రక్తం చిలికి ఉంది. "ఇరవై రెండు మందిదీ ఒకే మాట అమ్మమ్మా. ఇరవై మూడో మాట నీది," అన్నాడు.

పద్నాలుగో తేదీ కూడా రాస్తాను. నా ఫోనులో మెసేజ్‌లన్నీ ఉన్నాయని వాడికి గుర్తొచ్చింది. ఇవ్వమన్నాడు. ఇవ్వనన్నాను. నా చెయ్యి వెనక్కి విరిచి లాక్కున్నాడు. గోడకు తోశాడు. రుబ్బురోలు పొత్రంతో ఫోనును మూడు దెబ్బలు కొట్టాడు. పొత్రం ఎత్తుకుని నా వైపు చూశాడు. తర్వాత దించేశాడు. గడప నాకు నాలుగు గజాల దూరంలో ఉంది.

ఇంకొకటి మిగిలింది. ఇదే కష్టం.

నేను లెక్కల టీచర్ని. ఐదుగురు చాలిన పనికి ఇరవై ఇద్దరు వస్తే, మిగతా పదిహేడు మంది దేనికో నాకు తెలియదా? ఇరవై రెండు పేర్లూ నా చేత్తోనే వరసగా రాశాను. అందరూ ఎడమ వైపు కూర్చునే వాళ్లే. రత్తమ్మ మెసేజ్ రాకముందే తెలుసు. సాన రాయి చప్పుడు వింటూ పప్పు ఏరుకున్నాను. లాజరును వంటకు మార్చవచ్చు. ఒక్క అంకె. మార్చలేదు.

ఆ చెప్పు నాకూ తగిలింది. నాలుగు దెబ్బలు పడితే పడనీ అనుకున్నాను. చంపుతారని అనుకోలేదు. ఇది క్షమాపణ కోసం రాయడం లేదు. నాలుగు దెబ్బలు అనుకున్నానని రాస్తున్నాను.


ఏప్రిల్ 25, శుక్రవారం

ఉదయం 10 గంటల బస్సులో స్టేషనుకు వెళ్లాను. ఎస్సై గారికి అంతా చెప్పాను. ఆయన రాయించుకున్నారు, నేను చదువుకుని మూడు చోట్ల దిద్ది సంతకం పెట్టాను. రిజిస్టరు తెచ్చారా అన్నారు. ఇంట్లో ఉంది, ఒక దిద్దుబాటు చేయాల్సి ఉంది, చేసి ఇస్తానన్నాను.

"ఇప్పటికే ఒకటి చేశారా అమ్మా?"

"చేశాను. దాన్నే సరిచేయాలి."

"సుకుమార్ ఎక్కడున్నాడు?"

"తెలియదు. ఆకలేస్తే వస్తాడు."

ఆయన నంబరు ఇచ్చారు. "వచ్చినప్పుడు ఒక్క మెసేజ్ పెట్టండి. ఏమీ రాయక్కర్లేదు, ఒక అంకె పంపినా చాలు. మాకు అర్థమవుతుంది."

"అంకె పంపను," అన్నాను.

రాత్రి బేబీ ఫోన్ చేసింది. చెప్పాను. నన్ను అమ్మా అని పిలవడం మానేసి, చివర్లో ఏమండీ అంది. పెట్టేసింది. మళ్లీ చేశాను. ఎత్తలేదు. కువైట్‌లో ఆమెతో పనిచేసే అమ్మాయికి చేసి, రాత్రికి పక్కనే పడుకోమని చెప్పాను. పడుకుంటానంది.


ఏప్రిల్ 26, శనివారం

ఉదయం రిజిస్టరు తీశాను. మొదటి వరసలో 4ని అడ్డంగా కొట్టి, పక్కన 1 రాసి, తేదీ వేసి సంతకం చేశాను. రత్తమ్మ వరసలో 'చెల్లదు' కొట్టేశాను. ఆమె పంపిన మెసేజ్ మొత్తం రాయడానికి గడిలో చోటు చాలలేదు. పక్క పేజీలో రాశాను.

గోంగూర, ఎండు రొయ్యలు వండాను.

మధ్యాహ్నం 1.10కి సుకుమార్ పెరటి దారిన వచ్చాడు. గడ్డం పెరిగింది. కాళ్ల నిండా బురద. కడుక్కోమన్నాను. కడుక్కుని పీట మీద కూర్చున్నాడు.

"సమాధి దగ్గర చదివించిందటగా నీ చేత."

"చదివాను."

"ఆవిడకి ఎంత పొగరు అమ్మమ్మా."

"అన్నం తిను."

రెండు ముద్దలు తిని, "ఉప్పు తక్కువైంది," అన్నాడు. ఉప్పు డబ్బా ఇచ్చాను. మజ్జిగ తెస్తానని వంటింట్లోకి వెళ్లి బటన్ల ఫోనులో కొట్టాను. ఎడమ చెయ్యి సరిగా వంగక ఆలస్యమైంది.

"నా మనవడు సుకుమార్ 1.10కి ఇంటికి వచ్చాడు. అన్నం తింటున్నాడు. తిని లేచేదాకా ఆగండి. ఎస్తేరు టీచరు."

"సరేనమ్మా" అని వచ్చింది.

మజ్జిగ పోశాను. మారు అన్నం పెట్టాను. చిన్నప్పటిలాగే చివరి ముద్దను వేళ్లతో కంచం అంచుకు నొక్కి తిన్నాడు. చెయ్యి కడగబోతూ నా మొహంలోకి చూశాడు. వాడికి చిన్నప్పటి నుంచి నా మొహం చదవడం వచ్చు.

"ఎవరికి చెప్పావు?"

"ఎస్సై గారికి."

"ఏం చెప్పావు?"

"జరిగింది."

"నేను నీకేమవుతానే?" అన్నాడు. నన్ను ఎప్పుడూ అలా పిలవలేదు.

"మొదటి పేరువి," అన్నాను. "నీ కింద ఇరవై ఒక్క మంది ఉన్నారు. ఆ చివర నేనున్నాను. నా పేరూ ఇచ్చాను."

జీపు ఆగింది. వాడు పెరటి వైపు పరిగెత్తబోతే అక్కడా ఇద్దరు కానిస్టేబుళ్లు. ఒకరు లాఠీతో మోకాలి చిప్ప మీద కొట్టారు. వాడు కంచం మీద పడ్డాడు. జుట్టు పట్టుకుని లేపారు. విడిపించుకుని చెంబు అందుకుని నా మీదికి విసిరాడు. తర్వాత నలుగురూ కలిసి వాణ్ణి కొట్టారు. పేగులోంచి వచ్చే కేక వేశాడు, బేబీ పేరు పెట్టి, అమ్మా అని. ఆపమని నేను అరిచాను. ఈసారి గట్టిగా, మూడుసార్లు, మాటల్లోనే అరిచాను. ఎస్సై గారు ఆపించారు.

1.41కి జీపు వెళ్లింది. రిజిస్టరు కూడా తీసుకెళ్లారు. మళ్లీ పిలుస్తామన్నారు. సంచి సర్దుకున్నాను.

కంచం కడిగాను. నేల కడిగాను.

కుడి కనుబొమ్మ చిట్లింది. ఆసుపత్రిలో నాలుగు కుట్లు వేశారు. ఎలా తగిలిందని నర్సు అడిగింది. నా మనవడు చెంబు విసిరాడు అని చెప్పాను. ఆమె చీటీలో 'కింద పడ్డారు' అని రాయబోయింది.

పడలేదమ్మా, అన్నాను. ఇలా ఇవ్వు, నేను రాస్తాను.